రెండో ముద్దకి నెయ్యి

మా తెనాలి పిన్ని రాసిపెట్టిన పచ్చళ్ళ పుస్తకం గురించి ఇదివరకు ఒకసారి చెప్పాను, గుర్తుండే ఉంటుంది. రూళ్ళ నోట్‌బుక్కు. అట్ట నిండా నూనె మరకలు, ఏ పేజీ తిప్పినా ఇంగువ వాసన. పెద్దమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్తూ, తను లేని ఆరు నెలలూ కొత్త కోడలు ఇబ్బంది పడకూడదని కూర్చుని రాసింది. మొత్తం 32 పేజీలు.

పిన్ని పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలకి అందరం తెనాలిలో చేరినప్పుడు ఆ పుస్తకం నాకంటే నాకని ఆడపిల్లలం నలుగురం పోటీ పడ్డాం. చివరికి మా అక్క తీర్పు చెప్పింది. "ఇంటర్నెట్లో పెట్టెయ్యండే. డల్లాస్‌లో ఉన్నదీ చూసుకుంటుంది, బెంగుళూరులో ఉన్నదీ చూసుకుంటుంది" అని. పని నా మీద పడింది. ఎందుకంటే నేను ఇంట్లో "ఖాళీ"గా ఉంటాను కదా! ఆ ఖాళీ ఎంతో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మేం ఇలా వాదులాడుకుంటుంటే బాబాయి పక్క గదిలో మంచం మీద కూర్చుని వింటున్నారు. ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. నీటికాసుల వల్ల చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, ఆరేళ్ళ క్రితం పూర్తిగా పోయింది. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. మేమూ ఏమీ అడగలేదు.

హైదరాబాదు వచ్చాక మా వాడి పదో తరగతి కంప్యూటరు పుస్తకం ముందేసుకున్నాను. హెచ్‌టీఎమ్‌ఎల్ అంటే పేజీలో ఏది ఏమిటో చెప్పేది, సీఎస్ఎస్ అంటే అది ఎలా కనిపించాలో చెప్పేది అని వాడు పాఠం చెప్పాడు. అన్నం, పప్పు, పచ్చడి ఏది ఏదో తెలియడం ఒకటి, విస్తట్లో ఎక్కడ వడ్డించాలో తెలియడం ఒకటి అని నేను అర్థం చేసుకున్నాను. మొదటిది సరిగ్గా నేర్చుకోకుండానే రెండోదాని మీద పడ్డాను. అక్కడే వచ్చింది తంటా.

పేజీ ఎంత ముద్దుగా చేశానో చెబుతాను వినండి. శుభమా అని పసుపు రంగు వెనక, కుంకుమ రంగు అక్షరాలు. పైన "స్వాగతం సుస్వాగతం" అని కుడి నుంచి ఎడమకి పరిగెత్తే అక్షరాలు. తెరవగానే వీణ మోగేది. కారం ఎక్కువైన పచ్చడికి ఎర్ర చుక్క, పిల్లలు తినగలిగేదానికి ఆకుపచ్చ చుక్క. ఇక పిన్ని పుస్తకం. 32 పేజీలనీ ఫోనుతో ఫోటోలు తీసి, నొక్కితే పెద్దవయ్యేలా పెట్టాను. ఆ గుండ్రటి దస్తూరీ అలాగే కనపడాలని ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యలేదు. పైగా ఎంత పని తప్పిందో అనుకున్నాను.

కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఒకటే మెచ్చుకోళ్ళు. "పిన్ని చేతిరాత చూసి ఏడుపొచ్చింది" అని బెంగుళూరు చెల్లెలు. "మా అమ్మే ఎదురుగా కూర్చున్నట్టుంది" అని డల్లాస్ చెల్లెలు. రెండు రోజులు నేల మీద నడవలేదు నేను.

మూడో రోజు బాబాయి ఫోను.

"అమ్మాయ్, పేజీ బాగుందని అందరూ అంటున్నారు. నా కంప్యూటరు కూడా చదివిందే."

"ఏం చదివింది బాబాయ్?"

"లింక్ గ్రాఫిక్ ఐఎంజీ 2034. లింక్ గ్రాఫిక్ ఐఎంజీ 2035. అలా 32 సార్లు. వెనకాల వీణ." నవ్వారు. కాసేపు ఆగి, "మీ పిన్ని గ్రాంథికంలో రాసిందేమోలే. నాకు అర్థం కాలేదు" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ఆ పుస్తకంలో ఏముందో చదవాలని అందరికన్నా ఎక్కువ ఎవరికి ఉంటుంది? ఆయన తప్ప మిగిలిన వాళ్ళందరికీ వడ్డించి వచ్చానన్నమాట.

రెండో శనివారం లాప్‌టాప్ సంచిలో వేసుకుని తెనాలి రైలెక్కాను. మా వారు "ఫోన్లో చెప్పించుకోవచ్చుగా" అన్నారు. ఇది చెప్పించుకుంటే తెలిసేది కాదని నాకు అనిపించింది.

బాబాయి కంప్యూటరులో ఉన్నది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అతను మొదలుపెట్టాడట, తర్వాత జేమ్స్ టే అనే అతను కలిశాడట. ఇద్దరికీ చూపు లేదు. దాన్ని అందరికీ ఉచితంగానే ఇస్తున్నారు. బాబాయి మౌసు ముట్టుకోరు. అన్నీ మీటలే. నేను పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని నా పేజీని నేనే విన్నాను. అర నిమిషం కూడా భరించలేకపోయాను.

మొదట వీణ. అది మోగుతుంటే చదివే గొంతు వినపడదు. ఆపే మీట నేను పెట్టనేలేదు. "పెళ్ళిలో సన్నాయి పక్కన కూర్చుని మంత్రాలు వింటున్నట్టుందే" అన్నారు బాబాయి. వీణ తీసేశాను. పరిగెత్తే స్వాగతం కూడా తీసేశాను. అసలా ట్యాగు ఎప్పుడో పాతబడిపోయిందనీ, ఇప్పటి హెచ్‌టీఎమ్‌ఎల్‌లో వాడకూడదనీ మా వాడు ఫోన్లో చెప్పాడు. నాకైతే ఆ అక్షరాలు చూసి చూసి అప్పటికే తల తిరుగుతోంది.

రెండోది భాష. ఆ గొంతు నా తెలుగు మాటల్ని ఇంగ్లీషు వాడు చదవబోయినట్టు తడబడుతోంది. ఎందుకా అని చూస్తే, పేజీ మొదట్లో భాష ఇంగ్లీషు అని రాసి ఉంది. పుస్తకంలోని నమూనా దించినప్పుడు అదీ దిగింది. అక్కడ తెలుగుకి గుర్తైన "టీ, ఈ" అనే రెండక్షరాలు పెట్టగానే తెలుగు గొంతు అందుకుంది. రెండంటే రెండక్షరాలు! బాబాయి "ఆఁ, ఇప్పుడు మనింటి మనిషిలా మాట్లాడుతోంది" అన్నారు.

మూడోది శీర్షికలు. బాబాయి హెచ్ మీట నొక్కారు. అది నొక్కితే ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి గెంతచ్చట. "నో నెక్స్ట్ హెడింగ్" అంది. నాకు కోపం వచ్చింది. ఆవకాయ, మాగాయ, గోంగూర అని ఇంత లావు అక్షరాలతో పెట్టాను కదా! అవి లావుగా ఉన్నాయంతే, శీర్షికలు కావు. ఆ అక్షరాలు పెద్దవి చెయ్యమని సీఎస్ఎస్‌కి చెప్పాను గానీ, ఇది శీర్షిక అని హెచ్‌టీఎమ్‌ఎల్‌కి చెప్పలేదు. జాడీకి రంగు వేస్తే లోపల ఏముందో తెలుస్తుందా? మూతి గుడ్డకి చీటీ కట్టాలి. పేజీ పేరుకి హెచ్1, ఒక్కో పచ్చడికి హెచ్2, దాని కింద "కావలసినవి", "చేసే విధానం" అన్న వాటికి హెచ్3 పెట్టాను. మళ్ళీ హెచ్ నొక్కారు. ఆవకాయ. మాగాయ. గోంగూర. చింతకాయ. పిన్ని అలమర ముందు నిలబడి ఒక్కో జాడీ ముట్టుకుంటున్నట్టు బాబాయి వేలు ఆ మీట మీదే ఉండిపోయింది.

తర్వాత లింకులు. ఎన్‌వీడీఏలో ఒక మీటల జత నొక్కితే పేజీలో ఉన్న లింకులన్నీ ఒక జాబితాగా వస్తాయి. నా పేజీలో ఏం వచ్చాయో ఊహించండి. "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి." పన్నెండు సార్లు. "ఎక్కడే?" అన్నారు బాబాయి. "మాగాయ చేసే విధానం", "కొలతల పట్టిక" అని లింకుకే పేర్లు పెట్టాను.

కొలతల గురించి చెప్పాలి. పిన్ని అన్నీ సోలల్లో, తవ్వల్లో రాసింది. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. డల్లాస్ పిల్లకి ఇవి ఎక్కడ తెలుస్తాయి? అందుకని పట్టిక వేశాను, కానీ పై వరసని శీర్షిక వరసగా గుర్తుపెట్టలేదు. దాంతో "నాలుగు, సోల, రెండు, తవ్వ" అని ముక్కలు ముక్కలుగా వినిపించింది. శీర్షిక గడులుగా మార్చాక ప్రతి గడికీ ముందు అది ఏ వరసదో చెబుతోంది. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశాను. ఫోటో, మాటలు పక్కపక్కన రావాలని వేరే చోట్ల కూడా పట్టికలే వాడాను. అక్కడ పట్టిక అవసరమే లేదు, ఆ పని సీఎస్ఎస్ చూసుకుంటుంది. అవన్నీ విప్పేశాను. కావలసిన సరుకులు మామూలు జాబితాలోకి, చేసే విధానం అంకెల జాబితాలోకి మార్చాను. ఇప్పుడు "8 అంశాల జాబితా" అని ముందే చెబుతోంది. పని మొదలుపెట్టేముందు ఎన్ని మెట్లున్నాయో తెలిస్తే ఎవరికైనా ధైర్యమేగా.

మా అత్తయ్య సంగతి వేరు. ఆవిడకి చూపుంది, శుక్లాలు మొదలయ్యాయి. నేను తెనాలిలో ఉండగానే ఫోను చేసి, "ఆ పసుపు మీద ఎరుపు చూస్తుంటే అక్షరాలు ఆడుతున్నాయే. పెద్దవి చేసుకుందామని రెండు వేళ్ళూ పెట్టి లాగితే కదలట్లేదు" అన్నారు. మా వాడు లెక్క వేశాడు. వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూత్రీసీ వాళ్ళు దీనికీ నియమం పెట్టారట. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 రెట్లు ఉండాలి. తెలుపు మీద నలుపైతే 21. నా పసుపు కుంకుమలు 3.7 దగ్గర ఆగాయి! పసుపుని పాలమీగడ రంగుకి తగ్గించి, ఎరుపుని ముదురు మెరూన్ చేస్తే 10 దాటింది. శుభం ఎక్కడికీ పోలేదు. ఇక వేళ్ళతో లాగితే పెద్దదవకపోవడానికి కారణం, ఎక్కడినుంచో దించుకున్న ఒక వాక్యం. ఫోన్లో జూమ్ చెయ్యనివ్వద్దని అందులో ఉంది. నేను చదవకుండానే అతికించేశాను. అది కొట్టేశాను. అక్షరాల సైజు కూడా పిక్సెళ్ళలో బిగించకుండా రెమ్ అనే కొలతలోకి మార్చాను. ఇప్పుడు ఎవరి బ్రౌజరులో వాళ్ళు పెట్టుకున్న సైజుని బట్టి పెరుగుతాయి.

ఇంకొకటి మన తెలుగు వాళ్ళకే వచ్చే చిక్కు. పుస్తకంలో ఉదాహరణలన్నీ ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయే వరసల దూరంతో ఉంటాయి. మనకి కింద ఒత్తులు, పైన గుడులు. "త్ర" కింది వరస "కీ" నెత్తి మీద కూర్చుంటుంది. వరసల మధ్య దూరం 1.2 నుంచి 1.8కి పెంచాను. పేజీకి ఊపిరి ఆడినట్టయింది. ఎరుపు, ఆకుపచ్చ చుక్కల పక్కన "కారం ఎక్కువ", "కారం తక్కువ" అని మాటల్లో కూడా రాశాను. ఆ రెండు రంగులకీ తేడా తెలియని వాళ్ళు మన చుట్టాల్లోనే ఎవరున్నారో మనకేం తెలుసు?

ఫోటోల దగ్గరకొచ్చేసరికి రాత్రి అయింది. ప్రతి ఫోటోకీ ఆల్ట్ అని ఒక వర్ణన రాయాలి, స్క్రీన్ రీడర్ దాన్నే చదువుతుంది. అంచుల్లో పెట్టిన మామిడి పిందెల బొమ్మలకి ఖాళీగా వదిలేస్తే చాలట, వాటిని దాటేసి పోతుంది. అవి అలంకారమే కదా. పిన్ని ఫోటో ఒకటుంది. దానికి "పిన్ని ఫోటో" అని రాశాను. బాబాయి విన్నారు.

"ఫోటో అని నువ్వు చెప్పక్కర్లేదు, గ్రాఫిక్ అని అదే చెబుతుంది. పిన్ని అని తెలిసింది. ఏం చేస్తోంది?"

"గుమ్మంలో నిలబడింది బాబాయ్. చేతిలో జాడీ మూత."

"ఏం చీర?"

చెరిపేసి మళ్ళీ రాశాను. "వంటింటి గుమ్మంలో పిన్ని, ముదురాకుపచ్చ నేత చీర, చేతిలో జాడీ మూత, ఎవరినో చూసి నవ్వుతోంది." బాబాయి రెండుసార్లు విన్నారు. "ఆ చీర మంగళగిరిది" అన్నారు. అదీ చేర్చాను.

అసలు పని ఇంకా మిగిలే ఉంది. 32 పేజీల చేతిరాత. దానికి ఆల్ట్‌లో ఒక వాక్యం రాస్తే సరిపోదు, మొత్తం టైపు చెయ్యాల్సిందే. హైదరాబాదు వచ్చాక రోజూ రాత్రి గిన్నెలు కడుక్కుని, లేఖిని తెరుచుకుని కూర్చునేదాన్ని. రోజుకి రెండు పేజీలు. ఫోటోలు తీసెయ్యలేదు. దస్తూరీ చూడాలనుకునే వాళ్ళకి అవీ కావాలి. ఒక్కో ఫోటో కింద అదే పాఠం అక్షరాల్లో.

టైపు చేస్తుంటే తెలిసింది, అప్పటిదాకా మేమెవరం ఆ పుస్తకం చదవలేదని. చూశాం, ఏడ్చాం, మెచ్చుకున్నాం. చదవలేదు. ఆవకాయ మూడో రోజు తిరగకలిపేటప్పుడు తడి గరిటె వాడితే ఏమవుతుందో రాసింది. కోడలికి ఎడమ చేతి వాటమని కత్తిపీట ఎటు తిప్పుకోవాలో రాసింది. ఆవకాయ పేజీలో అడుగున, సిరాతో కాదు, పెన్సిలుతో, సగం చెరిగిపోయి ఒక వాక్యం ఉంది. ఫోటోలో అది నూనె మరకలో కలిసిపోయింది. కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చదివాను.

"ఈయన అడగరు. రెండో ముద్దకి మళ్ళీ నెయ్యి వెయ్యాలి."

దీన్ని పేజీలో పెట్టాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అది కోడలికి రాసింది. అందరూ చదివేది కాదేమో. కానీ తీసేస్తే, బాబాయికి తప్ప అందరికీ ఆ ఫోటోలో ఎప్పుడో ఒకప్పుడు కనపడే వీలుంది. మళ్ళీ పాత తప్పే చేసినట్టవుతుంది. ఉంచేశాను. ఆవకాయ విధానంలో ఆఖరి మెట్టు తర్వాత, విడిగా, చిన్న పేరాగా.

చివరగా, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో తప్పులు వెతికి చూపించే డబ్ల్యూత్రీసీ పరీక్షలో పేజీని వేశాం. మొదటిసారి 41 తప్పులు. ఎక్కువగా తెరిచి మూయని ట్యాగులే. మూతలు పెట్టని డబ్బాలు చూసినట్టు మా వాడు నన్ను చూశాడు. ఒక్కొక్కటీ మూసుకుంటూ వచ్చాం. ఆ పరీక్షలో సున్నా వచ్చినా పని అయిపోయినట్టు కాదని నాకు అప్పటికే తెలుసు. బాబాయి వినాలి.

ఆదివారం సాయంత్రం ఆయనకి ఫోను చేసి పేజీ సిద్ధమని చెప్పాను. సోమవారం ఏ కబురూ లేదు. మంగళవారం పొద్దున్న మా మరదలు, అంటే ఆ పుస్తకం ఎవరికోసం రాశారో ఆ కోడలు, మెసేజ్ పెట్టింది. "వదినా, ఆ పెన్సిలు మాట ఇన్నేళ్ళూ నేను చూడనేలేదు. రాత్రి మామయ్యగారికి రెండో ముద్దకి నెయ్యి వేశాను. ఏమీ అనలేదు. తిన్నారు."

మధ్యాహ్నం బాబాయి ఫోను. గొంతు పాత మాస్టారి గొంతు.

"అమ్మాయ్, కాగితం తీసుకో. గోంగూరలో 'వేయించి' అనేదానికి 'వేయంచి' అని పడింది. చింతకాయలో 'ఉప్పు' రెండుసార్లు వచ్చింది. మాగాయలో 'ఎండబెట్టి' తర్వాత కామా లేక ఊపిరాడట్లేదు."

రాసుకున్నాను. అక్షరం అక్షరం విన్నారన్నమాట.

"ఇంకా ఏమన్నా ఉన్నాయా బాబాయ్?"

కొంచెం సేపు మాట్లాడలేదు. వెనక వాళ్ళింటి గోడ గడియారం వినపడుతోంది.

"ఆవకాయ దగ్గర, ఆఖర్న..."

"తీసెయ్యమంటారా?"

"అందులో తప్పులేం లేవమ్మా" అన్నారు. "అలాగే ఉంచు."